మాఘమాసంలో బాదం ఆకు



ఆమధ్య జ్ఞానోపదేశం తరగతి ముగిశాక, అయిదవ తరగతి చదివే ఒక పాప తన ఇంగ్లీషు వాచకం తెచ్చి చూపించింది. "ఫాదరుగారండీ, ఆటమ్ అంటే శరదృతువని మాస్టారు చెప్పారండి. ఈ బొమ్మలో ఆకులన్నీ ఎర్రగా ఉన్నాయి. మన ఊళ్ళో దసరాకి ఏ చెట్టూ ఎర్రబడదేమండి?" అని అడిగింది.

మంచి ప్రశ్న. మన శరత్తులో వానలు వెనుకబడతాయి, కొబ్బరి చెట్లు కడిగినట్టు ఉంటాయి, వరి చేలు పొట్ట మీద ఉంటాయి. చలిదేశాలలో ఆకులు రాలేది ఆ రోజులలోనే. మనకు మాత్రం ఆకు రాలే కాలం శిశిరం, అంటే మాఘ ఫాల్గుణ మాసాలు. విభూతి బుధవారం వచ్చే రోజులు కూడా దాదాపు ఇవే. ఆలమూరులో శిశిరాన్ని చూడాలంటే కొబ్బరి తోటలో వెదకకండి. బాదం చెట్టు కింద నిలబడి పైకి చూడండి. ఒకే కొమ్మ మీద పచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగులన్నీ కనిపిస్తాయి.

ఆకు ఎందుకు ఎర్రబడుతుంది?

మన వీధులలో, బడులలో గొడుగులా పెరిగే ఈ బాదం వేరు, కొట్లో అమ్మే బాదం పప్పు చెట్టు వేరు. ఇది సముద్ర తీరాల చెట్టు. వర్షం లేని రోజులు వచ్చినప్పుడు వెడల్పాటి ఆకులను నిలుపుకుంటే నీరు ఆవిరై పోతుంది. అందుకని చెట్టు ముందుగా ఆకులోని సారాన్ని వెనక్కి తీసుకుంటుంది. పచ్చదనాన్నిచ్చే పత్రహరితం విరిగిపోగానే, దాని చాటున ఉన్న పసుపు బయటపడుతుంది. ఎరుపు మాత్రం అప్పుడే కొత్తగా తయారవుతుంది. తరువాత కాడ మొదట ఒక పలుచని పొర ఏర్పడి ఆకు విడిపోతుంది. అంటే ఆకు రాలడం చెట్టు చచ్చిపోవడం కాదు, బ్రతకడానికి చెట్టు చేసే పని. కొద్ది వారాలకే కొత్త చిగురు వస్తుంది.

చూస్తే మనసుకు ఏమవుతుంది?

చింత గానుగెద్దు వంటిది. ఎంత నడిచినా తిరిగిన చోటే తిరుగుతుంది. అప్పు, పిల్ల పెళ్ళి, కువైట్‌లో ఉన్న భార్య నుంచి రాని ఫోను, ఇలా రాత్రి రెండు గంటలకు కూడా మనసు ఆ చుట్టే తిరుగుతూ ఉంటుంది. అమెరికాలో మనస్తత్వశాస్త్రజ్ఞులైన కాప్లాన్ దంపతులు 1989లో వెలువరించిన గ్రంథంలో దీనిని గురించి వివరించారు. లెక్కల మీద, ఉద్యోగం మీద మనసు నిలపడానికి మనం బలవంతం చేయాలి, ఆ బలవంతం వల్ల మనసు అలసిపోతుంది. రాలే ఆకును, పారే నీటిని చూడడానికి బలవంతం అక్కరలేదు. అలా చూసే కొద్దిసేపు, అలసిన భాగం విశ్రాంతి తీసుకుంటుంది.

రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు 1984లో ఒక ఆసుపత్రి రికార్డులను పరిశీలించి ప్రకటించాడు. పిత్తాశయం ఆపరేషన్ అయిన వారిలో 23 మందికి కిటికీలోంచి చెట్లు కనిపించేవి, 23 మందికి ఇటుక గోడ కనిపించేది. చెట్లు కనిపించినవారు త్వరగా ఇంటికి వెళ్ళారు, బలమైన నొప్పి మందులు తక్కువగా వాడారు. ఇంగ్లండులో దాదాపు 20 వేల మందిని విచారించి 2019లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, వారానికి కనీసం 120 నిమిషాలు పచ్చని చోట్ల గడిపినవారు తమ ఆరోగ్యం, మనసు బాగున్నాయని ఎక్కువగా చెప్పారు. బయట తిరిగినందువల్లనే బాగున్నారా, బాగున్నందువల్ల తిరిగారా అన్నది అటువంటి విచారణ ఒక్కటే తేల్చలేదు. అయినా రోజుకు పదిహేడు పద్దెనిమిది నిమిషాలు, పైగా ఖర్చు లేనివి, మనకు భారమా?

నేను చేసిన పొరపాటు

మా గుడి ఆవరణలో ఒక బాదం చెట్టు ఉన్నది. ఆకులు ఊడ్చలేకపోతున్నామని, దానిని కొట్టించి సిమెంటు చేయిద్దామని విచారణ పెద్దలు అన్నారు. నేను కూడా సరే అనబోయాను. ఆ మాట విని, రోజూ తెల్లవారుజామున వచ్చి ఊడ్చే ఒక తల్లి నా దగ్గరకు వచ్చింది. భర్త పోయి అప్పటికి ఏడాది.

"ఫాదరుగారండీ, ఆ ఆకులు ఊడవాలనే నేను గుమ్మం దిగుతున్నానండి. చెట్టు కొట్టేస్తే మళ్ళీ మంచం మీదే ఉంటానండి" అన్నది.

నాకు సిగ్గేసింది. అంతకుముందు ఆమె నిద్ర పట్టడం లేదని చెప్పుకుంటే, "ఇంకొంచెం ప్రార్థన చేయండమ్మా" అని పంపివేశాను. తత్వశాస్త్రం చదువుకున్నవాడిని, ఆమె ఎదుట కూర్చుని మరొక్క ప్రశ్న అడగలేదు. ఆమెను డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళింది కూతురు. మాత్రలు పనిచేశాయి, చెట్టు తోడైంది. రెండింటినీ కలిపే చెబుతున్నాను. చెట్టు మందుకు బదులు కాదు.

రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి లేకపోయినా, దేని మీదా మనసు లేకపోయినా, చచ్చిపోవాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, డాక్టరును కలవాలి. 2022లో ప్రారంభమైన ప్రభుత్వ టెలిమానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా తెలుగులో మాట్లాడవచ్చు. విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నది. జ్వరానికి ఆసుపత్రికి వెళ్ళడం సిగ్గు కానప్పుడు, దీనికి వెళ్ళడం సిగ్గెందుకు?

కుటుంబమంతా చేయదగినవి

ఆదివారం సాయంకాలం ఫోన్లు ఇంట్లో పెట్టి, కాలువ గట్టు మీద గాని, జొన్నాడ వైపు గౌతమి ఒడ్డున గాని ఇరవై నిమిషాలు నడవండి. పిల్లలను నీటిలో దిగనివ్వకండి. ఒకే చెట్టును ఎంచుకుని వారం వారం చూడండి. మాఘంలో బాదం, తరువాత వేప, రావి ఆకులు రాల్చి చిగురిస్తాయి. మామిడి లేత చిగురు రాగి రంగులో ఉంటుంది. రాలిన ఆకులను తగలబెట్టకండి, కొబ్బరి పాదులలో వేయండి. కుప్పలోకి చెయ్యి పెట్టకండి, పురుగూ పుట్రా ఉంటాయి. ముఖ్యంగా, మీ వీధిలో గుమ్మం దిగని వారు ఎవరైనా ఉంటే, వారిని పిలుచుకుని వెళ్ళండి. సలహాలు చెప్పకండి, పక్కన నడవండి.

మా చెట్టును కొట్టలేదు. ఆ తల్లితో పాటు ఇప్పుడు మరో ఇద్దరు ఊడ్చడానికి వస్తున్నారు. వాచకం తెచ్చిన పాప ఎర్రటి బాదం ఆకునొకదానిని ఆ బొమ్మ ఉన్న పేజీలోనే దాచుకున్నది.