టీచరమ్మ నోటుపుస్తకం

మీ పిల్లలు బడికి పోతారు. సాయంత్రం ఇంటికి వస్తారు. "ఈరోజు ఏం చెప్పారు?" అని అడిగితే "పాఠం చెప్పారు" అంటారు. అంతే. ఆ పాఠం ఎలా తయారవుతుంది? సోమవారం చెప్పినదానికీ శనివారం చెప్పినదానికీ సంబంధం ఏమన్నా ఉందా? ఈ పాఠంలో అది తెలుసుకుందాం.

నెల్లూరు జిల్లాలో ఒక ఊరు అనుకుందాం. ఆ ఊళ్లో మంగమ్మ ఉంది అనుకుందాం. మంగమ్మ కూలికి పోతుంది. కూతురు సునీత ఏడో తరగతి. కొడుకు మూడేళ్లవాడు. ఇంట్లో అత్త కూడా ఉంది. పిల్లలు ఆమెను అవ్వా అని పిలుస్తారు. మంగమ్మ చిన్నప్పుడు బడికి పోలేదు. ఈమధ్యే రాత్రి కేంద్రంలో చదవడం నేర్చుకుంది. పెద్ద అక్షరాలైతే గబగబా చదువుతుంది. చిన్న అక్షరాలైతే వేలు పెట్టి, కూడబలుక్కుని చదువుతుంది.

అది నాట్ల కాలం. మంగళవారం మధ్యాహ్నం మేస్త్రి వచ్చాడు. "రేపు, ఎల్లుండి నాటు ఉంది. పొద్దున్నే రావాల" అని చెప్పిపోయాడు. నాట్లు ఏడాది పొడవునా ఉండవు. ఉన్నప్పుడే నాలుగు డబ్బులు కళ్లజూసేది. మరి చిన్నోడిని ఎవరు చూస్తారు? వాడు కాలవ గట్టుకు పరుగెత్తుతాడు. అవ్వకు మోకాళ్ల నొప్పులు. వాడి వెనక ఉరకలేదు. సునీతను రెండు రోజులు బడి మాన్పిద్దామనుకుంది మంగమ్మ. రెండు రోజులే కదా!

బడి వదిలే వేళకు పోయి టీచరుకు ఆ మాట చెప్పింది.

టీచరు కోప్పడలేదు. బల్లమీద ఉన్న నోటుపుస్తకం తీసి మంగమ్మ ముందు పెట్టింది.

"అక్కా, మీరు చదవగలరు కదా. ఈ పేజీ ఒకసారి చూడండి" అంది.

పేజీలో ఆరు గీతలు. గీతకొక రోజు పేరు. సోమవారం, మంగళవారం, బుధవారం... మంగమ్మ వేలు పెట్టి చదివింది. ప్రతి రోజు పేరు పక్కన చిన్నచిన్న అక్షరాలతో ఏదో రాసి ఉంది. "ఇదేంది టీచరమ్మా?" అని అడిగింది. అది ఆ వారం పాఠాల పథకం. ఏ రోజు ఏం చెప్పాలి, పిల్లలతో ఏం చేయించాలి, ఇంటికి ఏం పని ఇవ్వాలి, అన్నీ ముందే రాసుకున్న పేజీ.

పాఠం అంటే పుస్తకంలోది చదివి వినిపించడమే అనుకుంటారు చాలామంది. కొందరు టీచర్లూ అలాగే అనుకుంటారు. ఈ టీచరు అలా అనుకోలేదు. ఆమె శనివారంతో మొదలుపెట్టి వెనక్కి ఆలోచించింది. శనివారం నాడు ప్రతి పిల్లా, పిల్లవాడూ ఒక పేజీ రాసి చదవాలి. తమ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిన పాత సంగతి ఆ పేజీలో ఉండాలి. అది జరగాలంటే శుక్రవారానికి ఏం తెలిసి ఉండాలి? గురువారానికి? అలా సోమవారందాకా వచ్చింది. అందుకని చదవడం, తెలుగు వ్యాకరణం, చరిత్ర, మూడూ ఒకే విషయం చుట్టూ తిరిగాయి.

ఆ విషయం సారా ఉద్యమం.

సోమవారం పిల్లలు చదివిన పాఠంలో ఈ సంగతులు ఉన్నాయి. అప్పట్లో ప్రభుత్వం సారా దుకాణాలకు వేలంపాట పెట్టేది. పాట పాడుకున్న కంట్రాక్టరు ఊరూరా సారా అమ్మించేవాడు. సారా ప్యాకెట్లలో వచ్చేది. మగవాళ్ల కూలి డబ్బు దుకాణానికే పోయేది. 1990 తర్వాత నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. రాత్రి బడులు పెట్టారు. ఆడవాళ్లు ఒకచోట కూర్చుని చదువుకున్నారు. తమ కష్టాలు చెప్పుకున్నారు. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు ఏకమై సారా దుకాణం మూయించారు. ముందు నిలిచిన ఆమె రోశమ్మ. ఆ సంగతి తర్వాత చదువు పుస్తకంలో పాఠంగా వచ్చింది. ఆ పాఠం చదివి ఇంకా ఎన్నో ఊళ్లు కదిలాయి. వాళ్లూ మంగమ్మలాగా కూడబలుక్కుని చదివినవాళ్లే. 1992లో ఉద్యమం జిల్లా అంతా పాకింది. ఆడవాళ్లు వేలంపాటలు సాగనివ్వలేదు. తర్వాత రాష్ట్రమంతా వ్యాపించింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారాను నిషేధించారు.

ఏడో తరగతిలో అందరూ ఒకేలా చదవలేరు. కొందరు గడగడా చదువుతారు. కొందరు ఇంకా వత్తుల దగ్గర ఆగుతారు. అందుకే సోమవారం ఇద్దరిద్దరిని జత కలిపి చదివించింది టీచరు. బాగా చదివేవాళ్ల పక్కన తడబడేవాళ్లు. వేలంపాట, నిషేధం, కంట్రాక్టరు, ఈ మూడు మాటలకు మాత్రం తనే అర్థం చెప్పింది. మంగళవారం అదే పాఠం మళ్లీ చదివారు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎలా అనే మాటలతో ప్రశ్నలు తయారుచేశారు.

"ఇక్కడిదాకా అయింది. రేపు ఆ ప్రశ్నలు సరిచేసి ఇంటికి ఇస్తాను. రాత్రికి అవ్వను అడిగి రాసుకోవాలి. ఎల్లుండి ఆ మాటల్ని రాతలోకి మార్చడం నేర్పుతాను" అంది టీచరు.

మంగమ్మ వేలు గురువారం దగ్గర ఆగింది. "ఈ రెండు రోజులూ రాకపోతే శనివారం ఏం చదువుతాది?"

"చదివేదానికి ఆమె దగ్గర పేజీ ఉండదక్కా."

మంగమ్మ ఇంకేమీ అడగలేదు. ఇంటికి పోయి అత్తతో మాట్లాడింది. పొద్దున చిన్నోడిని అంగన్‌వాడీలో దించాలి. అది వదిలాక అవ్వ దగ్గర ఉంటాడు. అన్నం తిన్నాక ఎట్లాగూ నిద్రపోతాడు. ఇంతకుముందు అంగన్‌వాడీ గుర్తు రాలేదా అంటే, వచ్చింది. కానీ ఇంట్లో ఆడపిల్ల ఉంటే ముందు ఆ పిల్లే గుర్తొస్తుంది.

బుధవారం సునీత బడికి పోయింది. రాత్రి అవ్వ దగ్గర కూర్చుంది.

"మన ఊళ్లో సారా దుకాణం ఎప్పుడు మూయించారు అవ్వా?"

"ఏ సంవత్సరమో నాకేం తెలుసు? మీ నాయన అప్పుడు మూడో తరగతిలో ఉండాడు."

పెద్దవాళ్లు ఇలాగే చెబుతారు. ఏడు చెప్పరు. తుఫాను వచ్చిన ఏడు అంటారు. పెద్దోడి పెళ్లయిన ఏడు అంటారు. దాన్నుంచి లెక్క కట్టుకోవాలి. సునీత వాళ్ల నాయన ఆధార్ కార్డు తీసింది. పుట్టిన సంవత్సరం 1984 అని ఉంది. మూడో తరగతి అంటే దాదాపు ఎనిమిదేళ్లు. 1984కు 8 కలిపితే 1992. ఆధార్‌లో ఏడు కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు. అందుకే ఇంకొకరిని కూడా అడగమని టీచరు చెప్పింది. పక్కింటి పెద్దమ్మ కూడా ఆ ఏడే అని చెప్పింది. ఆమెకు అప్పుడే పెద్ద కూతురు పుట్టిందట.

గురువారం మాత్రం సునీత బడికి పోలేదు. చిన్నోడికి జ్వరం వచ్చింది. జ్వరం పిల్లవాడిని అంగన్‌వాడీకి పంపలేరు కదా. సాయంత్రం తోటి పిల్ల తన నోటుపుస్తకం తెచ్చి ఇచ్చింది. అందులో ఒకరు అన్న మాటను ఇంకొకరు రాసేటప్పుడు ఎలా మార్చాలో ఉంది. సునీత దాన్ని చూసి అవ్వ మాటలు రాసింది. నాటు నుంచి వచ్చిన మంగమ్మ కాళ్లు కడుక్కుని, దీపం కింద కూర్చుని చదివింది.

"నే-ను చీ-పు-రు తీ-సు-కు-ని దు-కా-ణం ద-గ్గ-రి-కి వె-ళ్లా-ను." మంగమ్మ తల ఎత్తింది. "నువ్వెప్పుడు పోయావే?"

అవ్వ నవ్వింది. సునీతా నవ్వింది. తప్పు ఎక్కడుందో తెలిసింది. అవ్వ "నేను" అంటే అది అవ్వ. సునీత "నేను" అని రాస్తే అది సునీత అయిపోతుంది. కొట్టేసి మళ్లీ రాసింది: "తాను చీపురు తీసుకుని దుకాణం దగ్గరికి వెళ్లానని అవ్వ చెప్పింది." లేకపోతే ఇంకో పద్ధతి ఉంది. అవ్వ మాటను ఉన్నదున్నట్టు రాసి, ముందూ వెనకా గుర్తులు పెట్టాలి. ఈ పాఠంలో మంగమ్మ మాటకు, టీచరు మాటకు అలాంటి గుర్తులే ఉన్నాయి. వెనక్కి వెళ్లి చూడండి.

బడిలో అయితే టీచరు ఒక్కొక్కరి పేజీ చూసి సరిచేసేది. సునీత పేజీకి ఆ భాగ్యం లేకపోయింది. ఇంకా రెండు తప్పులు అలాగే మిగిలాయి.

శుక్రవారం చరిత్ర పీరియడు. టీచరు గోడకు ఒక తాడు కట్టింది. తాడుకు పది ముడులు. మొదటి ముడి 1988, చివరిది 1997. ముడికొక సంవత్సరం. పిల్లలు సంగతులు అట్టముక్కల మీద రాసి, బట్టల క్లిప్పులతో ముడుల దగ్గర తగిలించారు. 1988లో దేశంలో జాతీయ సాక్షరతా మిషన్ మొదలైంది. అది మొదటి అట్ట. 1993 అక్టోబరు దగ్గర సారా నిషేధం. 1995 జనవరి దగ్గర సంపూర్ణ మద్యనిషేధం. అప్పుడు ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రి. 1997 దగ్గర ఇంకో అట్ట: మద్యనిషేధం సడలించారు. ఆ చివరి అట్ట లేకపోయినా పాఠం జరిగిపోయేది. టీచరు కావాలనే పెట్టించింది.

శనివారం పిల్లలు పేజీలు చదివారు. పెద్దవాళ్లు రావచ్చు అని టీచరు ముందే కబురు పెట్టింది. మంగమ్మ నాట్లలో ఉంది. అవ్వ కర్ర పట్టుకుని నిదానంగా వచ్చింది. సునీత తన పేజీ చదివింది. అట్టముక్క మీద "మన ఊరి దుకాణం మూత" అని రాసి, 1992 ముడి దగ్గర తగిలించింది.

ఒక పిల్లవాడు లేచాడు. "పుస్తకంలో నిషేధం 1993 అని ఉంది. అవ్వ చెప్పింది తప్పు" అన్నాడు.

టీచరు ఏదో చెప్పబోయింది. అంతలో అవ్వే అంది: "గవర్నమెంటు చెప్పేదాకా మేము ఆగినామా?"

అప్పుడు టీచరు రెండు అట్టలనూ చూపించింది. 1992లో ఆ ఊళ్లో దుకాణం మూయించింది ఎవరు? ఊరి ఆడవాళ్లు. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధించింది ఎవరు? ప్రభుత్వం. రెండూ నిజమే. ఏది ముందో తాడు చూస్తే తెలుస్తుంది. ముందుది లేకుండా తర్వాతిది వచ్చేదా అని పిల్లల్ని అడిగింది. దానిమీద చాలాసేపు మాట్లాడుకున్నారు. ఇంకో ఇద్దరి పేజీలు చదవకుండానే గంట కొట్టారు. వాళ్లవి సోమవారానికి పెట్టారు. నోటుపుస్తకంలో రాసుకున్నది రాసుకున్నట్టే ఏ వారమూ జరగదు.

అవ్వ పోయేముందు చివరి ముడి దగ్గర ఆగింది. "ఇది ఏంది?" అని అడిగింది. సునీత చదివి వినిపించింది. అవ్వ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అదీ రాయాల్సిందేలే" అని కర్ర తీసుకుంది.

చేసి చూడండి

మీ ఊరికి కరెంటు ఎప్పుడు వచ్చింది? బడి ఎప్పుడు పెట్టారు? ఒక పెద్దామెను అడగండి. ఆమె సంవత్సరం చెప్పలేకపోతే, అప్పుడు ఆమె ఇంట్లో ఏం జరిగిందో అడిగి లెక్క కట్టండి. ఇంకొకరిని కూడా అడగండి. ఇద్దరూ చెప్పింది కలిసిందా? నాలుగు వాక్యాలు రాయండి.

మీ పిల్లల బడిలో ఈ వారం ఏ రోజు ఏం చెబుతున్నారో టీచరును అడిగి తెలుసుకోండి. ఆరు గీతలు గీసి, గీతకొక రోజు పేరు రాసుకోండి.