భండారి లెక్క

శరణుల నామములను పరిశీలించినచో ఒక విశేషము గోచరించును. మడివాళ మాచయ్య, నులియ చందయ్య, అంబిగర చౌడయ్య, మేదర కేతయ్య — వీరి పేర్లకు ముందు వీరి వృత్తులే నిలిచియున్నవి. ఒకరు బట్టలుతుకువారు, ఒకరు త్రాళ్లు పేనువారు, ఒకరు పడవ నడుపువారు, ఒకరు బుట్టలల్లువారు. అందరును ప్రతిదినము పరులతో పని గలవారే. ఉతికిన బట్టకు వంక పెట్టువాడును, త్రాటి వెలకు గొణగువాడును, పడవ ఆలస్యమైనదని రేవున కేకలు వేయువాడును 12వ శతాబ్దమున మాత్రము లేకుండిరని యెట్లనుకొనగలము?

శరణులు కాయకమును కైలాసముతో సమానముగా నెంచిరని సభలయందు తరచుగా వినబడును. అయితే కాయకమనగా వస్తువును చేయుట మాత్రమే కాదు. దానిని కొనవచ్చినవానితో మాటలాడుటయు కాయకములోనిదే. ఈ రెండవ భాగముననే ఎక్కువమంది తప్పిపోవుచున్నారు.

ఈ విషయమున బసవేశ్వరుని జీవితమందలి యొక ఘట్టము ప్రత్యేకముగా పఠింపదగినది. నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణమే నాటి కల్యాణము. దానినేలిన కలచురి బిజ్జలుని కొలువున ఆయన భండారియై యుండెను. రాజధనమును జంగములకు వెచ్చించుచున్నాడని గిట్టనివారు రాజుతో కొండెములు చెప్పిరి. పాల్కురికి సోమనాథుని ద్విపదకావ్యమగు బసవపురాణమున ఈ కథ కలదు. బిజ్జలుడు సందేహించి యడుగగా, బసవేశ్వరుడు మాటతో సరిపెట్టక భండారమును తెరపించి లెక్క పెట్టించెను. ధనమునకు కొరత లేదని తేలెను. భక్తులు దీనిని శివమహిమగా పఠింతురు. అట్లు పఠించుట యుక్తమే. కాని దుకాణమున కూర్చుండువాడు ఇందు మరియొకటి గమనింపవలెను. అనుమానించినవానికి భండారి చూపినది కోపము కాదు, లెక్క.

దీనిని నేటి కిరాణా దుకాణమునకు అన్వయించి చూడవచ్చును. పండుగ ముందటి సాయంకాలము, పదిమంది నిలిచియున్నారు. ఒకడు 85 రూపాయల సరుకు కొని, చేతికి వచ్చిన 15 రూపాయల చిల్లరను చూచి, తానిచ్చినది 500 రూపాయల నోటనియు, 400 తక్కువ వచ్చినవనియు కేకలు వేయుచున్నాడు. దుకాణదారునకు 100 రూపాయల నోటు పుచ్చుకొన్నట్లే జ్ఞప్తి. ఇద్దరును తాము చెప్పునదే సత్యమని నమ్మియున్నారు. ఇట్టి సమయమున గొంతు పెంచినందువలన ఒక్క రూపాయియు బయటపడదు. నిలిచినవారిలో కొందరు వానివైపును, కొందరు వీనివైపును చేరుట మాత్రము జరుగును.

పది నిమిషములు బేరము నిలిపి, గల్లాపెట్టె తెరచి, ఆ మనుష్యుని యెదుటనే లెక్కింపవలెను. ఉదయము పెట్టెలో నుంచిన చిల్లర 1,000; చిట్టాలోని రొక్కపు అమ్మకములు 6,350; ఫోను ద్వారా వచ్చినవి వేరుగా వ్రాయబడినవి. పెట్టెలో 7,350 ఉండవలెను. 7,750 ఉన్నచో ఆ 400 అతనివే. ఇందుకు చిట్టా ఎప్పటికప్పుడు వ్రాయబడి యుండవలెను గదా! ఓర్పునకు సగము బలము చిట్టాలోనే కలదు. వ్రాత లేని దుకాణదారు కోపము తెచ్చుకొనక మరేమి చేయును?

సొమ్ము అధికముగా తేలినప్పుడు తిరిగి యిచ్చుటలో చిన్నతనమేమియు లేదు. నేలరాలిన బియ్యపుగింజల నేరుట ఆయ్దక్కి మారయ్య కాయకము. ఒకనాడతడు ఎప్పటికంటె ఎక్కువ బియ్యము తీసికొనిరాగా, భార్య లక్కమ్మ హెచ్చైన బియ్యమును తెచ్చినచోటనే పోసి రమ్మనెను. అది దొంగిలించినది కాదు. అయినను ఆ దినపు అవసరమునకు మించినది. ఇక పొరపాటున పెట్టెలో పడిన పరుల 400 మాట చెప్పనేల?

లెక్క సరిగా 7,350 తేలినచో కష్టమైన ఘట్టమప్పుడే వచ్చును. తప్పు తనది కాదని తెలిసినవానికి నోరు జారుట సులభము. "దొంగ" యను మాట అప్పుడే నాలుక చివరకు వచ్చును. గుడికి పోవువాడు చెప్పులతోపాటు దుకాణపు గొడవలను కూడ బయట విడిచి పోవచ్చును. లింగధారికి ఆ వెసులుబాటు లేదు. ఉదయము ఎడమ అరచేత నుంచి పూజించిన ఇష్టలింగమే, గల్లాపెట్టె ముందు కూర్చుండునపుడును ఎదపై నున్నది. ఆ 500 ఎదుటివానికి దినకూలియో, ఇంటిలోని రోగికి మందుల సొమ్మో కావచ్చును. కోపము దుకాణముమీద చూపుచున్నాడు గాని, అది పుట్టినచోటు వేరు.

గొడవ పెంచక 400 ఇచ్చివేయుట మేలని కొందరందురు. అది యుచితముగా తోచదు. జరుగని తప్పును ఒప్పుకొనుట ఓర్పు కాదు. అతడు నిజముగా ఇబ్బందిలో నుండి యడిగినచో ఇచ్చుట దాసోహము. దాని ద్వారము వేరు. అట్లే, కొనువానిని ఏమియు ననలేక గుమాస్తాను పదిమందిలో తిట్టువారును కలరు. అత్తమీది కోపము దుత్తమీద చూపినట్లు! గుమాస్తా చెవికి ఆ మాట ఎట్లుండునో వారు తలపరు.

ఆ మనుష్యుడు మరునాడు కందిపప్పునకు వచ్చినచో "నిన్నటి నోటు దొరకినదా అయ్యా?" యని మెల్లగా నొకమారు అడుగవచ్చును. దొరకినది, వేరొక చొక్కా జేబులోనే యున్నదని అతడు తల వంచుకొని చెప్పినచో, నవ్వక, పప్పు తూచి యియ్యవలెను.