టాకోమీటరు సూది తప్పు చెబితే?

పాత కార్ల ప్రదర్శనకు ఎప్పుడైనా వెళ్తే, స్టీరింగు వెనక ఉండే డయళ్ళను ఒకసారి తొంగి చూడండి. కొన్ని కార్లలో రెండు పెద్ద డయళ్ళు ఉంటాయి. ఒకటి మీకు తెలిసిందే, స్పీడోమీటరు. రెండోదాని మీది అంకెలు కిలోమీటర్లు కావు, మైళ్ళూ కావు. ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నదో అవి చెబుతాయి. దీని పేరు టాకోమీటరు. 1955 నుంచి 1962 వరకు ఇంగ్లండులో తయారైన ఎం.జి.ఎ. అనే స్పోర్ట్సు కారులో ఇది ఉంటుంది. దాని సూది కదలడానికి బ్యాటరీతో పనిలేదు.

ఇంజను మరీ వేగంగా తిరిగితే వాల్వులను మూసే స్ప్రింగులు ఆ వేగాన్ని అందుకోలేవు. మూసుకోవలసిన వాల్వు ఇంకా తెరిచి ఉండగానే పిస్టను వచ్చి కొట్టవచ్చు. అందుకే డయలు మీద ఒకచోట ఎర్రరంగు హద్దు ఉంటుంది. సూది తక్కువ చూపిందంటే, డ్రైవరు ఆ హద్దు దాటి కూడా దాటలేదనే అనుకుంటాడు.

ఇంతకూ ఆ సూదిని తిప్పేది ఏమిటి? ఇంజనులోని క్యామ్‌షాఫ్టు దగ్గర బయలుదేరిన ఒక కేబులు డయలు వెనకకు వస్తుంది. సైకిలు బ్రేకు కేబులు లాగే దీనికీ పైన గొట్టం, లోపల ఉక్కుతీగ ఉంటాయి. బ్రేకు తీగ ముందుకూ వెనక్కూ కదులుతుంది, ఇదేమో గొట్టంలో గిరగిరా తిరుగుతుంది. (క్యామ్‌షాఫ్టు వేగం ఇంజను వేగంలో సగమే. డయలు మీద అంకెలు వేసేటప్పుడే ఆ లెక్క చూసుకుంటారు.) తీగ పైకొస డయలు లోపలి అయస్కాంతాన్ని తిప్పుతుంది. ఆ అయస్కాంతం మీద చిన్న అల్యూమినియం కప్పు బోర్లించి ఉంటుంది. సూది ఉన్నది ఈ కప్పుకే. సూదిని సున్నా వైపు లాగుతూ వెంట్రుకలాంటి స్ప్రింగు చుట్ట ఒకటి ఉంటుంది.

చిత్రమేమంటే, అయస్కాంతం కప్పును ఎక్కడా తాకదు. పైగా అల్యూమినియం ఇనుములా అయస్కాంతానికి అంటుకునే లోహం కాదు. మరి కప్పు ఎలా తిరుగుతుంది?

1824లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు అరాగో దీన్ని గమనించాడు. రాగి పళ్ళేన్ని తిప్పితే, దానిపైన వేలాడదీసిన అయస్కాంత సూచి కూడా తిరగసాగింది. కారణం 1831లో ఫారడే పరిశోధనలతో తేలింది. అయస్కాంతానికీ లోహానికీ మధ్య కదలిక ఉంటే లోహంలో విద్యుత్తు పుడుతుంది. అది నీటి సుడుల్లా తిరుగుతుంది గనుక ఎడ్డీ ప్రవాహాలు, అంటే సుడి ప్రవాహాలు అన్నారు. ఆ ప్రవాహాలు తమను పుట్టించిన కదలికనే ఎదిరిస్తాయి. లెంజి నియమం పాఠంలో చదివే ఉంటారు. కదలికను తగ్గించాలంటే కప్పు కూడా అయస్కాంతం వెంట నడవాలి. కొంత తిరిగాక స్ప్రింగు దాన్ని ఆపుతుంది. అయస్కాంతం రెట్టింపు వేగంతో తిరిగితే లాగుడు రెట్టింపు అవుతుంది, సూది రెట్టింపు కోణం తిరుగుతుంది.

మరమ్మతు చేసేవాడికి ముఖ్యమైనది ఆ మధ్యనున్న ఖాళీ. లోపం ఖాళీకి కేబులు వైపున ఉన్నదా, సూది వైపున ఉన్నదా అని ముందు తేల్చుకోవాలి.

సూది అసలు కదలలేదనుకోండి. డయలు వెనక నుంచి కేబులు ఊడదీసి, ఇంజను నెమ్మదిగా నడపాలి. తీగ కొస తిరగకపోతే తీగ తెగింది, లేదా ఇంజను దగ్గర పళ్ళచక్రం అరిగింది. తిరుగుతూ ఉంటే లోపం డయలులో ఉంది.

సూది ఊగిసలాడుతుంటే చాలామంది డయలునే అనుమానిస్తారు. తరచుగా దోషం కేబులుదే. గ్రీజు ఎండిపోతే తీగ గొట్టంలో పట్టేస్తుంది. కింద ఇంజను తిప్పుతూనే ఉంటుంది కనుక తీగ మెలిపడుతుంది. మెలి బలం స్థైతిక ఘర్షణను మించగానే ఒక్కసారిగా విదిలించుకుంటుంది, మళ్ళీ పట్టేస్తుంది. తీగను బయటికి లాగి కిరసనాయిలుతో కడిగి, పలచగా గ్రీజు పూస్తే చాలు. డయలు వైపు కొస మాత్రం పొడిగా ఉండాలి. తిరిగే తీగ గ్రీజును మరలాగా పైకి తోడుతుంది. అది అయస్కాంతానికీ కప్పుకూ మధ్య చేరిందా, ఖాళీ పూడిపోయి, జిగట గ్రీజే కప్పును లాక్కుపోతుంది. అప్పుడు సూది ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది!

అయస్కాంతం బలహీనపడితే మాత్రం సూది తక్కువ చూపిస్తుంది. లాగుడు అయస్కాంత బలం యొక్క వర్గాన్ని బట్టి ఉంటుంది. బలం పదోవంతు తగ్గి 9/10 అయితే లాగుడు 81/100 అవుతుంది. ఇంజను 3000 చుట్లు తిరుగుతుంటే సూది 2430 దగ్గరే ఆగుతుంది. 6000 తిరుగుతుంటే 4860 అంటుంది.

దీన్ని పట్టుకోవడానికి ఒక చక్కని ఉపాయం ఉంది. మన ఇళ్ళలోని విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనాలది. పాతరకం చోకుతో వెలిగే ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. ఫ్యాను బెల్టును తిప్పే ఇంజను పుల్లీ మీద సుద్దతో ఒక గీత గీసి, చీకటి షెడ్డులో ఆ లైటు కింద ఇంజను నడపమనండి. నిమిషానికి 1500 అంటే సెకనుకు 25 చుట్లు. ఒక్క చుట్టులో లైటు నాలుగుసార్లు మినుకుతుంది కనుక నాలుగు గీతలు కదలకుండా నిలబడినట్టు కనిపిస్తాయి. పుల్లీ ఆగినట్టు కనిపించినా ఆగలేదు సుమా! మీరు దూరంగా నిలబడే చూడాలి. యాక్సిలరేటరు మెకానిక్కే నొక్కాలి.

నాలుగు గీతలు నిలిచినప్పుడు సూది 1500 చూపితే డయలు సరిగా ఉన్నట్టే. 1215 చూపిందనుకోండి. సూదిని పీకి 285 ముందుకు జరిపి గుచ్చితే సరిపోదా అనిపిస్తుంది. 1500 దగ్గర సరిపోతుంది. కాని 3000 దగ్గర 2430కి 285 కలిపి 2715 మాత్రమే చూపిస్తుంది. ఇంజను ఆపినా సూది సున్నాకు రాదు. ఆ డయలును పనిముట్లు బాగుచేసేవారి దగ్గరికి పంపి, అయస్కాంతానికి మళ్ళీ బలం ఎక్కించాలి.