ఒక్క మెతుకు చాలునా?

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు కుండలోని మెతుకులన్నిటిని పట్టి చూడనక్కఱలేదు, ఒక్కటి చాలును. ఏలయనగా కుండయంతయు నొకే మంటపై నొకే నీటిలో నుడికినది. ప్రకృతిలోని వస్తువులన్నియు నిట్టివేనా? పశువుల నంటి రక్తము పీల్చు పిడుదులను, అనగా గోమారులను, ఉదాహరణముగా గైకొని యీ సంగతిని విచారింతము.

1975వ సంవత్సరమున అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమందు లైమ్ పట్టణప్రాంతమున పెక్కుమంది బాలబాలికలకు కీళ్లు వాచి బాధించుచుండెను. ఇద్దరు తల్లులు ఈ సంగతిని వైద్యులకు విన్నవించిరి. 1981లో విల్లీ బర్గ్‌డార్ఫర్ అను శాస్త్రజ్ఞుడు న్యూయార్కు రాష్ట్రములోని షెల్టర్ ద్వీపమున పట్టిన పిడుదులను కోసి, సూక్ష్మదర్శినితో పరీక్షించి, మెలికలు తిరిగిన సూక్ష్మజీవులను కనుగొనెను. 126 పిడుదులలో 77 యందు, అనగా నూటికి 61 వంతున, అవి యుండెనని 1982లో ప్రకటింపబడెను. మఱుసటి సంవత్సరము రోగుల రక్తమునందును అవియే కానవచ్చెను.

అయిన నా ద్వీపమందలి పిడుదులన్నిటిలో సరిగా నూటికి 61 అని చెప్పవచ్చునా? చెప్పరాదు. పక్షపాతము లేక ఏరిన మచ్చు అయినయెడల, నిజమైన పాలు నూటికి 53 మొదలు 70 లోపల నుండునని గణితశాస్త్రము చెప్పును. ఇట్లు కట్టిన హద్దులు నూఱుమారులలో సుమారు 95 మారులు నిజమగును. పది పిడుదులను మాత్రమే చూచి ఆఱింటిలో కనుగొనియుండినచో, ఆ హద్దులు 26 మొదలు 88 వఱకు వ్యాపించును. అంతటి సందేహముతో ఏ తల్లికి ఏమి చెప్పగలము?

సంఖ్య యొక్కటియే చాలదు. ఒకే యావునుండి తీసిన నూఱు పిడుదులు నూర్గురు సాక్షులు కావు. అవి యొకే రక్తమును త్రాగినవి. కావున పరిశోధకులు పెక్కుచోట్ల గడ్డిమీద తెల్లనిగుడ్డ నీడ్చి, దాని నంటిన పిడుదులను ఏరుదురు. స్థలమును, తేదిని, పిడుదు వయస్సును, ఆడదో మగదో, రక్తము త్రాగినదో లేదో వ్రాసికొందురు. పదింటిని కలిపి నూఱి పరీక్షించినచో, దోషము ఒకదానిదో పదింటిదో తెలియదు.

ఇప్పుడు పిడుదులోని సూక్ష్మజీవులన్నిటిని వాని డి.ఎన్.ఏ.ను బట్టి గుర్తింతురు. పిడుదు చిన్నది, అందలి సూక్ష్మజీవులు స్వల్పము. పరీక్షకుని చేతినుండియు, రసాయనద్రవ్యములనుండియు పరాయి సూక్ష్మజీవుల డి.ఎన్.ఏ. వచ్చి చేరును. అందుచేత పిడుదు లేని ఖాళీగొట్టమును గూడ అదే రీతిని పరీక్షింపవలెను. అందు కనబడినది పిడుదుది కాకపోవచ్చును. మఱియు కనబడిన ప్రతిసూక్ష్మజీవియు రోగకారి కాదు. కొన్ని, రక్తమునందు చాలని బి-విటమినులను పిడుదునకు సమకూర్చును.

కావున విద్యార్థులారా, “నూటికి ఇంత” యని యెక్కడ చదివినను మూడు ప్రశ్నలు వేయుడని మేము కోరుచున్నాము: ఎన్నింటిని చూచిరి? ఎక్కడనుండి ఏరిరి? ఖాళీగొట్టమును చూచిరా? లెక్క తప్పినయెడల లేని రోగమునకు భయపడుదుము, ఉన్న రోగమును ఉపేక్షింతుము. ఒక్క మెతుకు చాలునో చాలదో ముందు కుండను చూచి నిర్ణయింపవలెను.