పల్లెకు బ్రాడ్‌బ్యాండ్

బాట, దీపం, తపాలా - ఒకప్పుడు పల్లె ప్రగతికి ఇవే గుర్తులు. నేడు వీటి సరసన అంతర్జాలం చేరింది. 2004లో కేంద్రప్రభుత్వం ప్రకటించిన బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు 256 కిలోబిట్లను కనీస వేగంగా నిర్ణయించింది. గ్రామపంచాయతీలను ఆప్టికల్ ఫైబర్ తీగలతో కలిపే జాతీయ పథకానికి 2011లో ఆమోదం లభించింది. దీనిని ప్రయోగాత్మకంగా చేపట్టిన మూడు ప్రాంతాలలో అప్పటి విశాఖపట్నం జిల్లాలోని పరవాడ ఒకటి. ఈ పథకమే తరువాత భారత్‌నెట్ అయింది.

భూమిని తవ్వి తీగలు వేయడం వ్యయప్రయాసలతో కూడిన పని. అందువలన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సంస్థ విద్యుత్ స్తంభాల మీదుగా తీగలను సాగించింది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆ పథకాన్ని ప్రారంభించారు.

అయితే చెరువు నిండినంత మాత్రాన పైరు పండదు. కాలువ పొలం దాకా పారాలి. కడప జిల్లా చిలమకూరు వంటి ఊరిలో తీగ పంచాయతీ కార్యాలయం వద్దనే ఆగిపోతే, దరఖాస్తు పంపడానికి విద్యార్థి ఎర్రగుంట్లకో ప్రొద్దుటూరుకో వెళ్లవలసిందే. తోడు వెళ్లిన తండ్రికి ఆనాటి కూలి పోయినట్లే.

2023లో సవరించిన భారత్‌నెట్ పంచాయతీ కేంద్రాలు కాని గ్రామాలకు సైతం, అవి కోరిన పక్షంలో, ఈ సౌకర్యం కల్పించాలని సంకల్పించింది. కోరడానికి ముందు ఆ హక్కు ఉన్నదని తెలియాలి. ఊరికి ఆ సంగతి తెలియజెప్పడం చదువుకున్న యువత కర్తవ్యం.