గదిలోనే కాలేజీ లైబ్రరీ: ఒక బుక్‌మార్క్ పాఠం



మన హాస్టల్ నుంచి పై చదువులకు వెళ్ళినవాళ్ళం చాలామందిమి కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, అమీర్‌పేటల్లో నలుగురైదుగురం కలిసి గది అద్దెకు తీసుకుంటాం. పగలు కాలేజీ, సాయంత్రం కోచింగ్ లేదా ఏదో ఒక పని. ప్రాజెక్టు రాయడానికి కూర్చునేసరికి రాత్రి పది దాటుతుంది. అప్పటికి లైబ్రరీ మూసేస్తారు. నెట్‌లో కావలసిన పరిశోధనా వ్యాసం కనబడుతుంది గానీ, తెరవాలంటే 30, 40 డాలర్లు కట్టమంటుంది. అంటే నెల మెస్ ఖర్చంత! "ఇది మనబోటి వాళ్ళకు కాదులే" అని మూసేస్తాం. అలా మూసేయవద్దని చెప్పడానికే ఈ వ్యాసం. చాలాసార్లు దానికి మన కాలేజీ తరఫున చందా ముందే కట్టి ఉంటుంది.

మరి ఎందుకు తెరుచుకోదు?

కాలేజీ నెట్‌వర్క్‌కు ఒక ఐ.పి. అడ్రసు ఉంటుంది. జర్నల్ వెబ్‌సైటు ఆ అడ్రసును చూసి లోపలికి రానిస్తుంది. గదిలో మన ఫోన్ డేటాకు అడ్రసు వేరు. కాబట్టి మనల్ని బయటివాళ్ళుగా లెక్కిస్తుంది. ఈ చిక్కు తీర్చడానికి కొన్ని లైబ్రరీలు ప్రాక్సీ సర్వర్ పెడతాయి. మనం లాగిన్ అయితే అది కాలేజీ అడ్రసుతో వెళ్ళి వ్యాసాన్ని తెచ్చి ఇస్తుంది. 1999లో అమెరికా లైబ్రేరియన్ క్రిస్ జాగర్ తయారుచేసిన ఈజీప్రాక్సీ ఇలాంటిదే.

మామూలు బుక్‌మార్క్ ఒక పేజీకి తీసుకెళ్తుంది. బుక్‌మార్క్‌లెట్ అనే దానిలో మాత్రం చిన్న జావాస్క్రిప్ట్ ప్రోగ్రాం ఉంటుంది. అది మనం చూస్తున్న పేజీ అడ్రసుకు ముందు ప్రాక్సీ అడ్రసు చేర్చి, అదే పేజీని మళ్ళీ తెరుస్తుంది.

వాడే పద్ధతి:

1. మీ లైబ్రరీ వెబ్‌సైటులో ఈ బుక్‌మార్క్ ఉందేమో చూడండి. లేకపోతే లైబ్రేరియన్ గారిని అడగండి.
2. కంప్యూటర్‌లో అయితే దాన్ని మౌస్‌తో పట్టి బుక్‌మార్క్ బార్ మీదికి లాగండి.
3. డబ్బు అడిగే పేజీలో ఉన్నప్పుడు దాన్ని నొక్కండి. కాలేజీ ఐడీ, పాస్‌వర్డ్ ఇవ్వండి. చందా ఉంటే వ్యాసం తెరుచుకుంటుంది.
4. ఆండ్రాయిడ్ ఫోన్ క్రోమ్‌లో అయితే బుక్‌మార్క్ పేరును అడ్రసు బార్‌లో టైపు చేసి, కింద కనబడినప్పుడు నొక్కండి.

ప్రాక్సీ లేని కాలేజీల వాళ్ళు నిరాశపడవద్దు. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకాన్ని ఆమోదించింది. 2025 నుంచి 2027 వరకు మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. 30 ప్రచురణ సంస్థల జర్నళ్ళు సుమారు 13,000 ఇందులో ఉన్నాయి. ప్రభుత్వ యూనివర్సిటీలు, కాలేజీల కోసం పెట్టిన ఈ పథకాన్ని గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ సమన్వయం చేస్తోంది. బయటి నుంచి లాగిన్ అయ్యే వీలు గురించి మీ లైబ్రరీలో అడగండి. ఇక పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథాలు కావాలంటే 'శోధ్‌గంగ'లో ఎవరైనా ఉచితంగా చదవవచ్చు.

రెండు జాగ్రత్తలు. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి, ముక్కూమొహం తెలియని సైటు ఇచ్చే బుక్‌మార్క్ పెట్టుకోకండి. ఒకేసారి వందల వ్యాసాలు దించుకోకండి. అలా చేస్తే కాలేజీ మొత్తానికి సౌకర్యం ఆగిపోవచ్చు.

ఆ 6,000 కోట్లు ప్రజల డబ్బు. అందులో కూలికి వెళ్ళే మన అమ్మానాన్నలు సబ్బు కొన్నప్పుడు కట్టిన పన్ను కూడా ఉంది. కాబట్టి అడగడానికి మొహమాటం వద్దు. ఒకరు నేర్చుకుంటే గదిలో మిగతావాళ్ళకు నేర్పండి.