బరువు చెప్పే ముందస్తు కబురు

గోదావరిఖని భూగర్భ గనుల్లో బొగ్గంతా ఒకేసారి తవ్వరు. పైకప్పు కూలకుండా మధ్య మధ్య బొగ్గు స్తంభాలు వదులుతారని మీ ఇంట్లో పెద్దలు చెప్పే ఉంటారు. మన శరీరంలో కొవ్వును తవ్వి వాడుకునే బొగ్గు అనుకోండి. కండరాలే స్తంభాలు.

పస్తున్నప్పుడు శరీరం ముఖ్యంగా కొవ్వును ఖర్చుచేస్తుంది, కండరాలను పొదుపుగా వాడుతుంది. ముదిరిన క్యాన్సర్‌లో ఈ పొదుపు తప్పుతుంది. కణితి నుండి, దానితో పోరాడే రక్షణ కణాల నుండి వెలువడే రసాయనాలు ఆకలిని మందగింపజేస్తాయి. కండరాల్లోని మాంసకృత్తులను కరిగిస్తాయి. ఎంత బలమైన తిండి పెట్టినా పోయిన కండ పూర్తిగా తిరిగిరాదు. దీన్నే వైద్యులు ‘కకెక్సియా’ అంటారు.

దీన్ని ముందే పసిగట్టగలమా? కొంతవరకు గలం. 2011లో అంతర్జాతీయ నిపుణులు ఒక కొలత నిర్ణయించారు. ఉపవాసం వంటి వేరే కారణం లేకుండా 6 నెలల్లో బరువు 5 శాతానికి మించి తగ్గితే అది కకెక్సియా. 60 కిలోల మనిషికి 5 శాతం అంటే 3 కిలోలే! ముందే సన్నగా ఉన్నవారికి, అంటే బి.ఎం.ఐ. 20 కన్నా తక్కువైతే, 2 శాతం దాటినా చాలు. బరువును (కిలోలు) ఎత్తు (మీటర్లు) వర్గంతో భాగిస్తే బి.ఎం.ఐ. వస్తుంది.

ఇంకా గుర్తులున్నాయి. క్లోమం, జీర్ణాశయం, ఊపిరితిత్తుల క్యాన్సర్లలో బరువు తగ్గే ప్రమాదం ఎక్కువ. ఆకలి తగ్గడం, రక్తంలో సి-రియాక్టివ్ ప్రోటీన్ పెరగడం కూడా హెచ్చరికలే. అయితే ఒక చిక్కుంది. కాళ్లలో, పొట్టలో నీరు చేరితే తూకం తగ్గదు, లోపల కండ మాత్రం కరుగుతూనే ఉంటుంది. కాబట్టి తూకంతోపాటు నడక, చేతి పట్టు బలం కూడా గమనించాలి.

ముందే తెలిస్తే ఏం లాభం? వాంతులు, నోటిపూత, నొప్పి వంటివి తిండికి అడ్డమైతే వైద్యులు వాటికి మందిస్తారు, తగిన ఆహారం, తేలికపాటి వ్యాయామం సూచిస్తారు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఇటువంటి ఉపశమన సేవలు ఉన్నాయి. ఇంట్లోవాళ్లు “మొండికేసి తినడం లేదు” అని రోగిని కోప్పడకూడదు. ఆకలిని చంపింది జబ్బు. కొద్దికొద్దిగా, ఇష్టమైనది, అడిగినప్పుడు పెట్టాలి.

లెక్క కట్టండి: 160 సెంటీమీటర్ల ఎత్తున్న రోగి బరువు 3 నెలల్లో 50 నుండి 48 కిలోలకు తగ్గింది. తగ్గుదల ఎంత శాతం? ఇప్పటి బి.ఎం.ఐ. ఎంత? వైద్యునికి చెప్పాలా, వద్దా?